ట్రస్టు సారు

మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఫ్యాను తిరిగినంతసేపు పిల్లలకు గాలి వస్తుంది. ఆగితే దాత పేరు వస్తుంది. మూడు రెక్కల మీదా ఎర్రరంగుతో రాయించారు. ఒక రెక్క మీద కీ.శే., రెండోదాని మీద నాన్నగారి పేరు, మూడోదాని మీద జ్ఞాపకార్థం. ఏ రెక్క ఎటు తిరిగి ఆగుతుందో మన చేతిలో ఉండదు కనుక ఒక్కోసారి ‘జ్ఞాపకార్థం కీ.శే.’ దగ్గర మొదలుపెట్టి, పేరు కోసం మెడ తిప్పుకోవాలి. మండల విద్యాధికారి తనిఖీకి వస్తున్నాడంటే మా ట్రస్టు సారు పది నిమిషాల ముందే బడికి చేరి స్విచ్చిబోర్డు కింద నిలబడతాడు. అధికారి లోపల కాలు పెట్టగానే టక్కున ఆపేస్తాడు. అధికారి ఉక్కపోతకు చెమట తుడుచుకుంటూ పైకి చూస్తాడు. పైన పేరు చదువుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

కరెంటు కోతలంటే ఊళ్లో అందరికీ చిరాకే, ఒక్క మా సారుకు తప్ప.

నల్లగొండలో బయల్దేరి మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ చూసుకుంటూ అటు కల్వకుర్తి, అచ్చంపేట దాకా పోయి రండి. ఈ ఎర్రనేలల మీద ఏ ఊళ్లో ఆగినా ఒక వేపచెట్టు, ఒక సెల్‌టవరు, ఒక ట్రస్టు సారు ఉంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒకటి తన దస్కతుకు, రెండోది ఎదుటివాడు చెక్కు మీద దస్కతు పెట్టడానికి. చంకలో సంచి. సంచిలో రసీదు పుస్తకం, రబ్బరు స్టాంపు, అత్యవసరానికి ఒక శాలువా. ఈ శాలువాకు పెద్ద చరిత్ర ఉంది. మా సారు పక్క ఊరి ట్రస్టు సారుకు కప్పుతాడు, ఆయన అవతలి ఊరి సారుకు, ఆయన మళ్లీ మా సారుకు. ఒక దసరాకు పోయిన శాలువా అంచున పసుపు మరకతో సంక్రాంతికి మా సంచిలోకి తిరిగి వచ్చింది. మా సారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, “మనదే” అన్నాడు.

సాగునీటి శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషి. ఉద్యోగమున్నన్నాళ్లు బల్లకు అటు జనం, ఇటు తాను. దిగిపోయిన మర్నాడు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎదురుగా ఎవరూ లేరు. ఆరు నెలలు చూశాడు. ఏడో నెలలో వాళ్ల నాన్న పేరు మీద స్మారక చారిటబుల్ ట్రస్టు పుట్టింది. ఆ నాన్నగారిని ఎరిగినవాళ్లు ఊళ్లో ఇంకా నలుగురున్నారు. బతికుండగా బీడీ ముక్క కూడా ఎవనికీ ఇచ్చి ఎరుగడని, బావి దగ్గర బొక్కెన అడిగితే తాడు మూరలు కొలిచి ఇచ్చి, తెచ్చినప్పుడు మళ్లీ కొలుచుకునేవాడని వాళ్లు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆయన పేరు మీద బడికి ఫ్యాను, బస్టాండుకు సిమెంటు బెంచీ, వేసవిలో చలివేంద్రం. పోయినోళ్లను మంచోళ్లను చేయడంలో మా సారుది పెద్ద చేయి.

ట్రస్టే ఎందుకు, సొసైటీ ఎందుకు కాదని మొదట్లో అడిగాను. నేను రిటైరైన పంతుల్ని. దస్తూరి బాగుంటుందని నన్ను ట్రస్టీగా, కోశాధికారిగా చేర్చుకున్నారు. మిగతా ఇద్దరు ట్రస్టీలు సారు భార్య, సారు బామ్మర్ది.

“సొసైటీ అంటే 2001 చట్టం ప్రకారం ఏడుగురు కావాలె పంతులూ. ఏడుగురంటే మూడు పార్టీలు. ఏడాదికోపారి అందరిని కూసోబెట్టి లెక్క జెప్పాలె. మళ్ల ఎలక్షన్లు. ట్రస్టుల గసొంటిదేం లేదు. డీడుల ఒక్కపారి రాసుకుంటే సచ్చేదాక నేనే.”

“సచ్చినంక?”

“మా పిలగాడు.”

ఎన్నికలంటే ఆయనకు ఈ జంకు ఊరికే పుట్టలేదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. తాగునీళ్ల గోస ఢిల్లీ చెవిన పడాలని జలసాధన సమితి పట్టిన పట్టు అది. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. ఓటరు తన గుర్తు కోసం పేజీలు తిప్పాల్సి వచ్చింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేటలో ఒకప్పుడు విద్యార్థుల హాస్టల్ నడిపిన మనిషి, అంటే ఒక లెక్కన మా సారుకు పెద్దన్న. ఆ ఎన్నికల్లో మా సారుకు పోలింగ్ డ్యూటీ పడింది. ఓటు పుస్తకాన్ని మడవలేక ముసలోళ్లు, డబ్బాలో కుక్కలేక తాను పడ్డ తిప్పలు ఇప్పటికీ చెబుతాడు. నీళ్ల కోసం జరిగిన అంతటి సంగతిలో ఆయనకు మిగిలిన పాఠం ఒక్కటే: కుర్చీకి పోటీ పెట్టకూడదు.

ఆయనకు చట్టమంటే భక్తి. కొందరికి విష్ణు సహస్రనామం నోటికొస్తుంది, ఈయనకు ఆదాయపన్ను సెక్షన్లు 12ఏ, 80జీ. దాత ఇచ్చినదాంట్లో సగానికి పన్ను మినహాయింపు, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అదీ లేదు. ఈ మాటలు పెళ్లిలో అక్షింతలు వేస్తూ కూడా చెప్పగలడు. 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం ఈ నంబర్లన్నీ మార్చేసిందని ఆడిటరు చెప్పిన రోజు సారు మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. “ముప్పై ఏండ్ల దోస్తుకు ట్రాన్స్‌ఫరైనట్లుంది పంతులూ” అన్నాడు.

ఈ చట్టభక్తి మా ఊరికి తెచ్చిన వింతల్లో ముఖ్యమైనది ఎండాకాలం దుప్పట్ల పంపిణీ. ట్రస్టుకు వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడే మంచిపనికి ఖర్చు కావాలి. మిగుల్చుకోవాలంటే దానికో కారణం, కారణానికో ఫారం. మార్చి 31న ఏడాది ముగుస్తుంది. సారు ఏడాదంతా పైసా పైసా కూడబెట్టి మార్చి 25 దాకా మురుస్తాడు, 26న ఆడిటరు ఫోను చేస్తాడు, 27న దుప్పట్లు దిగుతాయి. డిసెంబరులో జనం వణుకుతున్నప్పుడు లేని దుప్పట్లు, గుట్టలు సెగలు కక్కే వేళ టెంటు కింద మూటలు మూటలుగా. ఎవరో నవ్వితే మా సారు తడుముకోలేదు. “గొల్లోల్లను అడుగు. ఎండకైనా వానకైనా గొంగడే గదా కప్పుకునేది!” అన్నాడు. నిజమే, కానీ అది గొంగడి. ఇవి పాలిస్టరువి.

పంపిణీలో అసలు ఘట్టం ఫొటో. నడుమ సారు, కుడివైపు సర్పంచి, ఎడమవైపు మాజీ సర్పంచి, ఇద్దరి మధ్య సారు ఎందుకున్నాడో ఊరందరికీ తెలుసు. ఒక ఏడు మొదటి దుప్పటి అందుకున్నది మా వాడకట్టు అవ్వ. దుప్పటి అందింది, అవ్వ కదిలింది, ఫొటో తీసే పిలగాడు ఫోను నిండిపోయిందన్నాడు. పాత పెళ్లి వీడియోలు తుడిచేసి “ఇంకోపారి” అన్నాడు. మొదటి దుప్పటి అప్పటికే అవ్వ చంకలో చేరింది కనుక సారు చేతికి ఇంకోటి అందించారు. అవ్వ అది కూడా తీసుకుని, దండం పెట్టి, ఇంటికి పోయింది. బామ్మర్ది వెంటపడ్డాడు.

“రెండు మార్ల ఫొటో దిగిన, రెండు దుప్పట్లిచ్చిన్రు. నేనేమన్న అడిగిన్నా?” అంది అవ్వ.

సరుకు రిజిస్టరులో ఒకటి తక్కువ తేలింది. నేను ‘ఫొటో నిమిత్తం: 1’ అని రాశాను. ఆడిటరు దాని కింద గీత గీసి ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ప్రశ్నార్థకం ఇంకా అట్లాగే ఉంది.

ఈ అవ్వ మా శాశ్వత దాత కూడా. ఆమెకు 2,016 రూపాయల ఆసరా పింఛను. రెండువేలు ఇంటికి, ఆ పదహారు పుణ్యానికి అని ఆమెకు ఎవరు చెప్పారో కానీ, పింఛను వచ్చిన రోజే పదహారు రూపాయలు కొంగున కట్టుకుని ట్రస్టుకు వస్తుంది. మొదటిసారి రసీదు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీన్నేం జేసుకోను బిడ్డా?”

“దీంతోని నీకు సగం తగ్గుతది అవ్వా” అన్నాడు సారు, అలవాటు కొద్దీ.

“ఏంల సగం?”

“నీ ఆమ్దానీల.”

“ఉన్నదే గింత, అండ్ల సగం తగ్గుతదా! అద్దు కొడుకా, నీ కాయితం నువ్వే పెట్టుకో.”

పెద్ద దాతలు అమెరికాలో ఉంటారు. డిసెంబరు సెలవులకు వస్తారు, ప్రతి ఒక్కరికీ ఒక కీర్తిశేషుడు ఉంటాడు, సారు సంచి తెరుచుకుంటుంది. ఇక్కడొక పీటముడి ఉంది. దాత మన పౌరుడిగానే అక్కడ ఉద్యోగం చేసుకుంటూ తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే పరవాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా, వాడిచ్చేది విదేశీ విరాళమవుతుంది. దానికి ఢిల్లీ అనుమతి కావాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఖాతా తెరవాలి. మా ట్రస్టు ఖాతా మండల కేంద్రంలో ఉంది, అక్కడికే వారానికి రెండుసార్లు సర్వరు అందదు. ఇండియా పాస్‌పోర్టూ నీలమే, అమెరికాదీ నీలమే, చొక్కా జేబులోంచి కనబడ్డంత మాత్రాన తేడా తెలియదు. అందుకని సారు పిలగాణ్ని పక్కకు తీసుకుపోయి మెల్లగా అడుగుతాడు.

“సిటిజన్‌షిప్ వచ్చిందా తమ్మీ?”

“వచ్చింది పెద్దనాయినా, మొన్ననే!”

తల్లి మురిసిపోతుంది, చుట్టాలు చప్పట్లు కొడతారు, సారు ఒక్కడే పెండ్లి తప్పిపోయిన పిల్ల తండ్రిలాగా నిలబడతాడు. ఊళ్లో ఇంకా గ్రీన్‌కార్డు రానివాడంటే ఆయనకు ప్రాణం.

ఫ్లెక్సీల మీద నాకూ ఆయనకూ వాదన. మా జమాఖర్చులో దానం ఒక పద్దు, దానం గురించిన ఫ్లెక్సీ ఒక పద్దు. కొన్ని నెలలు రెండోదే పెద్దది. ఒకనాడు నేను పోచంపల్లి ఎత్తాను. ఒకప్పుడు మన జిల్లా గడ్డే కదా. 1951 ఏప్రిల్ 18న వినోబా ముందు దళితులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. దేశమంతా భూదానమని నడిచింది అక్కడినుంచే. ఫ్లెక్సీ ఉందా, ఫ్యాను రెక్క ఉందా అన్నాను. సారు కాసేపు ఆలోచించాడు.

“ఇంట్ల చెవుల చెప్పిండా ఏంది? మీటింగుల అందరి ముంగట లేసి చెప్పిండు గదా. గా కాలంల గదే ఫ్లెక్సీ” అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. ఎనభై అడిగితే నూరిచ్చాడన్న సంగతి మాత్రం ఆయన చెవికి ఎక్కినట్టు లేదు.

నీళ్ల దగ్గర మాత్రం సారును ఏమీ అనలేను. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు మా వైపు బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. నా చేత అక్షరాలు దిద్దించుకున్న పిల్లల్లో కొందరు పాతికేళ్లకే నడుము వంగి, కర్ర పట్టుకుని ఎదురొచ్చేవారు. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ఊరి పేరు రోగం మీద ప్రపంచానికి తెలిసినా మా సారుకు గర్వమే, ప్రతి సభలోనూ చెబుతాడు. కానీ ట్రస్టు తొలి సొమ్ముతో ఆర్వో ప్లాంటు పెట్టించింది కూడా ఆయనే. అయిదు రూపాయల బిళ్ల వేస్తే ఇరవై లీటర్లు. 2015లో ప్రభుత్వం చౌటుప్పల్లో పైలాన్ కట్టి, తర్వాత మిషన్ భగీరథ నల్లా ఇంటింటికీ ఇచ్చినా మా ఊరివాళ్లకు చాయ్ మాత్రం ట్రస్టు నీళ్లతోనే కావాలి. మిషను కక్కిన ఉప్పునీళ్లు వృథా పోగూడదని సారు కాలువ తీసి మొక్కలకు పెట్టాడు. మొక్కలు చచ్చిపోయాయి. ‘దాత’ అని రాసిన ఇనుప కంచెలు మిగిలాయి.

పాలమూరు వైపు ఇదే జాతిలో వేరే తెగ కనిపిస్తుంది. నారాయణపేట దగ్గర మా వియ్యంకుడి ఊళ్లో ట్రస్టు సారు ఒకప్పటి గుంపు మేస్త్రీ. ఊరివాళ్లను లారీలకెత్తుకుని డ్యాముల పనులకు దేశమంతా తిప్పిన మనిషి. మా సారు సెక్షన్లు చెబితే ఆయన డ్యాములు చెబుతాడు. పంపిణీ రోజు మస్టరు పుస్తకం తీసి పేర్లు పిలుస్తాడు, ఆలస్యంగా వచ్చినవాడికి “సగం దినం” అని సగం బియ్యం పోస్తాడు. ఆయనకున్న చిక్కల్లా, సాయం అందుకోవాల్సినవాళ్లలో సగంమంది బొంబాయి, పుణెల్లో ఉంటారు. ఫొటోలో దాతలు పన్నెండుమంది, గ్రహీత ఒక్కడు. వాడు కూడా కాలు విరిగి ఆగిపోయినవాడు.

ఇద్దరు సార్లనూ కలపాలని 2018లో మహబూబ్‌నగర్ తీసుకుపోయాను. అప్పుడే పిల్లలమర్రికి చెదలు పట్టి, ఆ ఏడువందల ఏండ్ల మర్రిచెట్టుకు మనుషులకు పెట్టినట్టే సెలైన్ సీసాలు వేలాడదీశారు. కొమ్మకొమ్మకూ సీసా, బొట్టు బొట్టుగా మందు. మేస్త్రీ సారు ఊడల్ని చూసి, “మస్తు సెంట్రింగు” అన్నాడు. మా సారు సీసాలను చూసి చాలాసేపు మాట్లాడలేదు.

“అన్ని సీసాలున్నయి పంతులూ. ఒక్కదాని మీద గూడ పేరు లేదు.”

ఇక ఫ్రీజరు. పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఊళ్లో చావు వాయిదా వేసుకోవాల్సిన కార్యమైంది. శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె కోసం నల్లగొండకు పోయి కిరాయి కట్టి తేవాలి. ట్రస్టే ఒకటి కొనాలని సారు తీర్మానించాడు. కొన్నాడు. ప్రారంభోత్సవమెట్లా? ఎమ్మెల్యే పీఏకు ఫోను చేస్తే అటువైపు కాసేపు మాట లేదు. “దానికి రిబ్బను గట్టిచ్చేదేంది సార్, ఎవరైనా పోయినంక వస్తం లే” అని పెట్టేశాడు. అయినా టెంటు వేశారు, కొబ్బరికాయ కొట్టారు. చల్లబడుతుందో లేదో జనానికి రుజువు కావాలని సారు పొద్దున్నే అందులో నలభై థమ్సప్ సీసాలు పెట్టించాడు. సభ అయ్యాక తీసి పంచితే ఒక్కడు ముట్టలేదు. మంచు పట్టిన సీసాలు బల్ల మీద వరుసగా, ఏప్రిల్ ఎండ, నాలుకలు పిడచగట్టిన జనం. చివరికి నేనూ సారూ చెరొకటి తాగాం. చల్లగానే ఉంది.

నలభైలో మిగిలిన ముప్పై ఎనిమిదీ వాళ్లింట్లో ఆర్నెల్లు చుట్టాలకు పోశారు. ఎక్కడివని ఏ చుట్టమూ అడగలేదు.

ఆ పెట్టె ఇప్పుడు మా చుట్టుపక్కల అయిదూళ్లకు తిరుగుతుంది. రాత్రి రెండింటికి ఫోను వస్తే మోగేది సారు తలగడ కిందే. సర్పంచి ఫోను ఆపుకుంటాడు, నాకు మోకాళ్లు. ఆయన లుంగీ మీదే పోయి ట్రాక్టరు డ్రైవరును లేపి, పెట్టె ఎక్కించి, ఆ ఇంట్లో ప్లగ్గు సరిగా లేకపోతే తానే వైరు చుట్టి, కరెంటు పోతే జనరేటరు పెట్టి తెల్లారిందాకా అక్కడే కూర్చుంటాడు. మర్నాడు పెట్టె తుడిచేదీ ఆయనే, బామ్మర్ది రాడు. కిరాయి తీసుకోడు. పెట్టె బయటివైపు మాత్రం నాలుగు పక్కలా పేర్లే: నాన్నగారివి, అమ్మగారివి, అమెరికా దాతల కీర్తిశేషులవి. తెలియనివాళ్లు చూస్తే లోపల ఇంతమంది ఉన్నారా అనుకోవాలి.

మొన్న పింఛను రోజున అవ్వ పదహారు రూపాయలు బల్ల మీద పెట్టి, పోకుండా నిలబడింది.

“ఎంతైంది బిడ్డా ఇప్పటికి నాది?”

పుస్తకం తిరగేశాను. అయిదేండ్లు, 960 రూపాయలు.

“మరి నా పేరేది?”

సారు ధరల పట్టిక తీశాడు. బెంచీకి ఇంత, ఫ్యానుకు ఇంత. తొమ్మిదివందల అరవైకి పట్టికలో ఏమీ లేదు. అవ్వ కదల్లేదు. ఆమెకు బెంచీ వద్దు, ఫ్యానూ వద్దు, ఫ్రీజరు మీద కావాలి.

“దాని మీద జాగ లేదు అవ్వా” అన్నాడు సారు. పోయి చూశాం, నిజంగానే లేదు. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, అద్దం మూత ఎత్తి, లోపల తలవైపు రేకు మీద చెయ్యి పెట్టాడు. “గీడ ఒక్క జానెడుంది. కని లోపట రాస్తే ఎవలికి కనవడుతది?”

అవ్వ వంగి చూసింది.

“గాడనే రాయి బిడ్డా. నేను పండుకొని చదువుకుంట.”

“నీకు చదువు రాదు గద అవ్వా?”

“అండ్ల పండుకున్నంక నాకు వేరే పనేముంది? మెల్లగ నేర్సుకుంట.”

సారు జేబులోంచి రెండు పెన్నులూ తీసి, వాటిలో ఏదీ రేకు మీద రాయదని తేల్చుకుని, పెయింటరుకు ఫోను చేశాడు. పేరుకు ముందు ఏం పెట్టమంటారని వాడడిగాడు. కీ.శే. పెట్టడానికి లేదు, ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. చివరికి వట్టి పేరే రాశాడు, ఎర్రరంగుతో, పడుకున్నవాళ్లకు సూటిగా కనబడేట్టు. నూటిరవై తీసుకున్నాడు. వోచరు మీద ఏ పద్దు కింద రాయాలో ఆడిటరును అడగాలి.